నాగకన్యలు మనకు లేరా?

చీనాదేశమున హాంగ్‌చౌ నగరమునందు పశ్చిమ సరస్సు కలదు. శ్వేతసర్ప మొకటి స్త్రీరూపము దాల్చి మానవుని వలచి, యచటి లైఫెంగ్ గోపురము క్రింద బంధింపబడెనని వారి పురాణగాథ. ఆ గోపురము 1924లో కూలెను. 2002లో మరల నిలువబెట్టిరి. గోపురము కూలినను కథ మాత్రము నిలిచినది.

ఇట్టి చీనా ప్రణయాద్భుత కథలను మన యువకులు మక్కువతో చదువుచున్నారు. చదువుదురు గాక! పరభాషాద్వేషము దేశభక్తి కానేరదు. కాని యర్జునుని వలచిన నాగకన్య యులూచిని వారెఱుగుదురా? పదునేడవ శతాబ్దమున చేమకూర వేంకటకవి విజయవిలాసమునం దామె ప్రణయమును మనోహరముగ వర్ణించెను. నేడా కావ్యము పరీక్షార్థుల పాలబడి యున్నది. ఈ దోషము యువకులది కాదు; వారి కందునట్లు చెప్పని పెద్దలది.

మన బాన్సువాడకు చేరువనే మంజీర పాఱుచున్నది. ప్రాచీన నగరమగు బోధను దూరము కాదు. బకాసురు డుండిన యేకచక్రపుర మదియేయని స్థానికుల నమ్మిక. అద్భుతకథకు వలసిన సామగ్రిలో మనకేమి కొఱవడినది? రచయితలారా, ఈ తీరమున మీ కథలను నడపుడు. పఠనమందిర నిర్వాహకులారా, వారమున కొక సాయంకాలము విజయవిలాసమును సులభవచనమున చదివి వినిపింపుడు. పొరుగింటి దీపమును జూచి సంతసింతము. మన యింటి దీపమున చమురు పోయుట మఱవకుందము.