ఇంట్లో చెల్లని ‘వద్దు’

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఓ అమ్మాయి. ‘నీకింకా ఎవరూ లేరా?’ అంటూ స్నేహితురాళ్లు రోజూ ఆటపట్టిస్తుంటే, ఆ నవ్వులు ఆపడానికే ఓ అబ్బాయితో స్నేహానికి ఒప్పుకుంది. కొన్నాళ్లకు అతను ఫొటో పంపమన్నాడు. ‘నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?’ అన్నాడు. వద్దనాలనే ఉంది. అంటే దూరమవుతాడేమో... మళ్లీ అందరూ నవ్వుతారేమో! ఇలాంటి అమ్మాయి ఏ వీధిలోనైనా ఉండొచ్చు.

అబ్బాయిల సంగతీ అంతే. ‘నువ్వేం మగాడివిరా’ అన్న ఒక్క మాట చాలు. తోటివాళ్ల గొప్పలన్నీ నిజమనుకుని, తానొక్కడే వెనకబడ్డానని కుంగిపోతాడు. ‘అందరూ చేస్తున్నారు’ అన్నది చాలావరకు అపోహే. చేయనివాళ్లు ఆ సంగతి చెప్పుకోరంతే!

స్నేహితులు చూస్తున్నారంటే ఆ వయసులో ఆలోచన తీరే మారిపోతుంది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 306 మందితో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఎంతదూరం పోతారన్నదే పరీక్ష. 2005లో ఫలితాలు వెల్లడించారు. పక్కన స్నేహితులుంటే 13-16 ఏళ్ల పిల్లలు ఎక్కువ సాహసానికి దిగారు. 24 దాటినవారిలో ఆ తేడా దాదాపు లేదు. మంచీచెడూ తెలియక కాదు... నలుగురిలో ఉన్నప్పుడు ఆ తెలివి వెనక్కి పోతుంది.

తన మీద తనకు గౌరవం ఉంటే ఈ ఒత్తిడిని తట్టుకోవడం కాస్త సులువు. ‘పక్కింటి పిల్లను చూసి నేర్చుకో’, ‘ఆ రంగుకు నిన్నెవరు చేసుకుంటారు’ అని రోజూ వినే పిల్లలు బయట ఎవరు మెచ్చుకున్నా కరిగిపోతారు. ఆ మెప్పు పోతుందనే భయమే అవాంఛిత గర్భం, సుఖవ్యాధులు, ఫొటోలతో బెదిరింపుల దాకా తీసుకెళుతుంది.

బంధువు బుగ్గ గిల్లితే వద్దన్న పిల్లను ‘తప్పు, మావయ్య కదా’ అని గదమాయించకండి. ఇంట్లో చెల్లని ‘వద్దు’ బయట నోట్లోంచి రాదు. ‘ఇబ్బందైతే నెపం నా మీద వేసెయ్. మా అమ్మ ఒప్పుకోదని చెప్పు’ అనండి. ఇవన్నీ మాట్లాడితే చెడిపోతారన్న బెంగా వద్దు. లైంగిక విద్య వల్ల పిల్లల్లో తొందరపాటు పెరగదని యునెస్కో 2018 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి అంగీకారం చెల్లదన్న సంగతి అబ్బాయిలకూ, అమ్మాయిలకూ చెప్పాలి. ఆపదలో ఏ వేళలోనైనా 1098కి ఫోన్ చేయొచ్చు.

ఆ అమ్మాయి ఏ రాత్రో వంటింట్లోకొచ్చి ‘అమ్మా, ఒకటి చెప్పనా?’ అంటుంది. ‘చదువు మానేసి ఏంటిది’ అనకండి. పొయ్యి కట్టేసి, పక్కన కూర్చోబెట్టుకుని వినండి. తిట్లు పడతాయనుకుంటే రెండోసారి ఆ గుమ్మం దాకా రాదు.