పట్టిసీమ జలాలు – గొర్రెల మందల దారులు

గోదావరి తీరాన పట్టిసీమ వద్ద 2015లో నెలకొల్పిన ఎత్తిపోతల పథకం 24 పంపులతో 8,500 క్యూసెక్కుల నీటిని పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణా నదికి తరలించేందుకు ఉద్దేశించినది. కృష్ణా డెల్టాకు గోదావరి నీరు అందినకొద్దీ శ్రీశైలం జలాలను రాయలసీమకు మళ్లించవచ్చుననేది ఇందులోని ప్రధాన ఆలోచన. అయితే ఈ చర్చలో ఎకరాలు, టి.ఎం.సి.లు వినిపించినంతగా గొర్రెల మందల ప్రస్తావన వినిపించదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి.

అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఆ వాన కూడా నిలకడగా కురవదు. వేరుశనగ ఎండిన ఏట అక్కడి కురుబ, గొల్ల కాపరులను ఆదుకొనేది వలస. కొన్ని కుటుంబాల మందలు కలిసి కాలువ ఆయకట్టులకు సాగుతాయి. పగలు వరి కొయ్యకాళ్లు మేస్తాయి. రాత్రి రైతు పొలంలో మంద కడతారు. పొలానికి ఎరువు, కాపరికి ధాన్యమో రొక్కమో దక్కుతాయి. వాతావరణ మార్పును తట్టుకొనే విధానమని నేడు చెప్పుకొంటున్న దానిని వీరు తరతరాలుగా ఆచరిస్తున్నారు.

మార్పు తీవ్రమయ్యేకొద్దీ ఈ సర్దుబాటు కష్టమగుచున్నది. అకాల వర్షంతో మొలిచిన లేతగడ్డి చిటుకు రోగానికి, వానల తరువాత పెరిగే కీటకాలు నీలినాలుక వ్యాధికి దోహదం చేస్తాయి. సాగునీరు కూడా రెండంచుల కత్తియే. ఒక పంట తరువాత పొలం ఖాళీగా ఉంటే మేత పెరుగుతుంది. వెంటనే రెండవ పంట వేసినా, కంచెతో పండ్లతోట పెంచినా బీడు తరిగి దారి మూసుకుపోతుంది. నిట్రగట్టులున్న లైనింగు కాలువలో గొర్రె దిగి నీరు త్రాగలేదు, దానిని దాటనూ లేదు.

కనుక మందల కదలికను వెనుకబాటుగా కాక, కరవు నిర్వహణలో భాగంగా గుర్తించాలి. కొత్త కాలువల వెంట నీరు త్రాగేందుకు వాలుదారులు, మందలు దాటేందుకు వంతెనలు నిర్మించాలి. వలసకు ముందే టీకాలు వేయాలి. మంద ఏ మండలంలో ఉన్నా వైద్యం, బీమా వర్తించాలి. మంద కట్టిన పొలాల్లో నేలసారం ఎంత పెరుగుతున్నదో విశ్వవిద్యాలయాలు కొలిచి చూపాలి.

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్లు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. నదుల అనుసంధానానికి ప్రణాళిక వేయగల రాష్ట్రానికి మందల దారులను కాపాడటం అసాధ్యం కాదు. దారి మూసుకుపోతే, నీరు చేరిన నేలమీదనే కాపరి కరవు పాలగును.