పదడుగుల ఖోలీ చాలదా?

వన్ పాయింట్ పర్‌స్పెక్టివ్ నేర్చుకోవాలంటే పెద్ద హాలు ఉండాలని, చాల్ గదిలో, అంటే ఖోలీలో, అది కుదరదని డ్రాయింగ్ నేర్పేవాళ్లలో కొందరు తేల్చి చెప్పేస్తున్నారు. ముంబై కామాఠీపుర గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో పెరిగే మన పిల్లలు ఆ మాట నమ్మి, ఎవరిదో బంగళా ఫొటో ముందు పెట్టుకొని గీతలు గీస్తున్నారు. ఈ మాట శుద్ధ తప్పు.

గది ఇరుకన్నది వాళ్ల అభ్యంతరం. ఖోలీ లోపలే గోడకు ఆనుకొని గీస్తే పక్కగోడలు సాగినట్టు వస్తాయి, నిజమే. అలాంటప్పుడు గుమ్మం దాటి గ్యాలరీలోకి రావాలి. కటకటాలకు వీపు ఆనించి లోపలికి చూడండి. గ్యాలరీ నాలుగడుగులు, గోడ నడుమనున్న గుమ్మం వెడల్పు మూడు, గది పదికి పది అనుకుందాం. గుమ్మం మీకు నాలుగడుగుల దూరంలో, ఎదుటి గోడ పద్నాలుగడుగుల దూరంలో ఉంటాయి. లెక్క కడితే ఆ మూడడుగుల గుమ్మంలో పదడుగుల గోడ మొత్తం ఇమిడిపోయి, అటూ ఇటూ కాస్త పక్కగోడ కూడా కనిపిస్తుంది. దూరం పెరిగితే కొలత ఎంత తగ్గుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఏ హాలు చూపిస్తుంది? పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో ఫ్లారెన్స్‌లో బ్రూనెలెస్కీ పర్‌స్పెక్టివ్‌ను రుజువు చేసిందీ చర్చి గుమ్మంలో నిలబడి ఎదుటి కట్టడాన్ని చూస్తూనే. బీడీడీ చాళ్లలోనైతే అంతస్తుకు ఇరవై ఖోలీలు, నడుమ పొడవాటి వసారా, రెండు వైపులా వరుస తలుపులు. ఇంకేం కావాలి?

వానిషింగ్ పాయింట్‌ను, అంటే లోపలికి సాగే గీతలు కలిసే చుక్కను, ఎప్పుడూ కాగితం నడిమధ్య పెట్టమనడం ఇంకా పెద్ద తప్పు. అది చూసేవాడి కంటికి సూటిగా, కంటి మట్టంలో ఉండాలి. మన ఇళ్లలో తినడం, చదవడం అన్నీ కింద కూర్చొనే. అలా కూర్చున్నవాడి కన్ను నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి వంటగట్టు పైభాగం కనిపించదు, లేచి నిలబడితే కనిపిస్తుంది. ఈ తేడాను గీయలేని పిల్లవాడికి పర్‌స్పెక్టివ్ రానట్టే.

కామాఠీపురకు పేరిచ్చిన కామాఠీలు నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చినవాళ్లు. మట్టం చూడటం వాళ్ల వృత్తి. ఇప్పటి మేస్త్రీ నీళ్లు నింపిన పైపుతో గోడలన్నిటి మీదా ఒకే ఎత్తున గుర్తులు పెడతాడు. అవే గుర్తులు మీ కంటి ఎత్తున పెట్టించి చూడండి. వాటిని కలిపే గీత ఎటూ వాలదు. దానికి పైన, పక్కగోడ వెంట లోపలికి సాగే అటక అంచు కిందికి దిగుతుంది. దానికి కింద అలాగే సాగే మోరీ అంచు పైకి ఎక్కుతుంది. పొడిగిస్తే రెండూ ఆ మట్టం మీద ఒకే చుక్కలో కలుస్తాయి.

మంచం వంకరగా ఉందని బెంగ అక్కర్లేదు. దాని అంచుల గీతలు వేరే చుక్కలకు పోతాయి, కానీ ఆ చుక్కలూ అదే మట్టం మీద ఉంటాయి.

వర్లీలో 160 చదరపు అడుగుల ఖోలీలు పోయి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. కామాఠీపుర వంతూ రాబోతోంది. ఆ ఇళ్లు రావలసినవే. డ్రాయింగ్ టీచర్లకు నా మనవి ఒక్కటే: ఈ గోడలు కూలేలోపు పిల్లలను గ్యాలరీలో కూర్చోబెట్టి, ఎవరి ఖోలీ వాళ్లచేత గీయించండి.