మసి ఎక్కడుందో చూపించండి

కారు సర్వీసింగుకిచ్చిన రోజు మధ్యాహ్నం ఒక ఫోను వస్తుంది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా ఉంటుంది. "సార్, బండి చూశామండి. ఇంజిన్‌లో కార్బన్ పట్టేసింది. డీకార్బనైజింగ్ చేయించేస్తే పికప్ బాగుంటుంది, మైలేజీ కూడా పెరుగుతుంది. ఇంజిన్ విప్పక్కర్లేదు, గంటలో అయిపోతుంది. చేసేయమంటారా?" ఆఫీసులో మీటింగు మధ్య ఉన్న మనిషి ఏమంటాడు? చేసేయండి అంటాడు. సాయంత్రానికి బిల్లులో ఒక లైను పెరుగుతుంది. దాని ఎదుట వేలల్లో అంకె ఉంటుంది.

నాకు ఆ ఫోను వస్తే ఒకటే అడుగుతాను. "ఎక్కడ పట్టిందండీ? చూపించండి." అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "అంటే... నలభై వేల కిలోమీటర్లు దాటింది కదా సార్" అంటారు. మీటరు చూసి మసి ఉందని తేల్చడం, వయసు అడిగి షుగరు మాత్రలు రాసివ్వడం లాంటిదే. రక్తపరీక్ష అక్కర్లేదా?

ఈ పనే దండగ అని నేననను. ఇంజిన్ విప్పకుండా మసి వదిలించే మార్గాలున్నాయి, వాటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కాకపోతే ఒక్కో మార్గం ఒక్కో చోటికే చేరుతుంది. మసి ఒకచోట ఉండి, మందు మరోచోట పోస్తే డబ్బులు సైలెన్సర్ గుండా బయటికి పోతాయి.

మసి ఎలా పడుతుందో చూద్దాం. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లోపలి కంప్యూటర్ ఈ లెక్కను పక్కనపెట్టి కావాలనే పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది, లేకపోతే బండి స్టార్టవదు. ఆ ఎక్కువైంది సగం సగం కాలి పిస్టన్ నెత్తిన, హెడ్ లోపలి గోడలమీద పేరుకుంటుంది. ఇంటినుంచి బడికి, బడినుంచి కూరగాయల మార్కెట్టుకు, అక్కణ్ణుంచి మళ్లీ ఇంటికి తిరిగే కారు ఇంజిన్ ఏ రోజూ పూర్తిగా వేడెక్కదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుందన్న సంగతి చాలామంది నమ్మరు గానీ అది నిజం. వేడెక్కిన ఇంజిన్ దాన్ని ఆవిరిగా బయటికి తోసేస్తుంది. వేడెక్కని ఇంజిన్‌లో అందులో కొంత ఆయిల్లోకి దిగి, ఆయిల్‌ను పాడుచేస్తుంది. అందుకే రోజూ మూడు కిలోమీటర్లు తిరిగే కారు కన్నా హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే టాక్సీ ఇంజినే లోపల శుభ్రంగా ఉంటుంది. మీటరు రీడింగు మాత్రం టాక్సీదే ఎక్కువ.

ఇంకో దారి ఆయిల్ ఆవిరిది. పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన వాయువులు కింద ఆయిల్ ఉన్న చోట చేరతాయి. వాటిని ఊరిమీదికి వదలకుండా ఒక గొట్టం ద్వారా మళ్లీ ఇంజిన్ పీల్చే గాలిలోనే కలుపుతారు. వాటితో పాటు ఆయిల్ తుంపర కూడా వెళ్తుంది. వేడి మీదున్న ఇంటేక్ వాల్వు వెనక భాగాన పడి, మాడి, పొరమీద పొర కడుతుంది. డీజిల్ బళ్లలో దీనికి ఈజీఆర్ తోడవుతుంది. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఏర్పాటు అది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పెట్టారు. ఆ పొగలోని మసికి ఆయిల్ తుంపర కలిస్తే నల్లటి జిగురు తయారై గాలి గొట్టాలను ఇరుకు చేస్తుంది.

టూ స్ట్రోక్ బళ్ల కాలంలో ఇంత చర్చ ఉండేది కాదు, మసి కళ్లముందే కనిపించేది. చేతక్, లూనా, ఆర్‌ఎక్స్ 100 అన్నీ పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాల్చిన బళ్లే. కొన్నాళ్లకు ఎగ్జాస్ట్ పోర్టు పూడుకుపోయి, ఎంత రేజ్ చేసినా బండి ముక్కుతూ మూలుగుతూ నడిచేది. మెకానిక్ సైలెన్సర్ ఊడదీసి, మంటలో కాల్చి, నేలకేసి తట్టేవాడు. నల్లటి పెంకులు రాలేవి. కొందరు కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టేవాళ్లు. పోర్టులో స్క్రూడ్రైవర్ పెట్టి గీకేవాళ్లు. తిరిగి బిగించి కిక్ కొడితే తేడా వీధి చివరిదాకా వినిపించేది. మసి తీయించడమంటే మనవాళ్లకున్న నమ్మకమంతా ఆ రోజుల్లో, ఆ మెకానిక్‌ల చేతుల్లో పుట్టిందే. ఇప్పుడు షోరూముల్లో ఖర్చవుతున్నది ఆ నమ్మకమే. కానీ ఆ రోజులు మారాయి. మన దగ్గర సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో పోయింది. కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఆయిల్ బాగుపడింది. వెనకటి కార్లకు కొన్ని వేల మైళ్లకోసారి హెడ్ దించి మసి గీకించడం మామూలు పని. నేటి కార్ల సర్వీసు పుస్తకాలు తిరగేసి చూడండి. ఎయిర్ ఫిల్టరుంది, ప్లగ్గులున్నాయి, కూలెంటుంది. అమ్ముతున్న ఈ ప్యాకేజీ మీ పుస్తకంలో ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక మార్గాల సంగతి. అన్నిటికన్నా చవకైంది టాంకులో పోసే మందు సీసా. కొన్ని వందల రూపాయలు. వాటిలో పనికొచ్చే రకం పాలీఈథర్ అమైన్ ఉన్నది, సీసా వెనక సన్నటి అక్షరాల్లో ఆ పేరుందేమో చూసి కొనాలి. ఇంజెక్టర్ మూతి దగ్గర పట్టిన పొరను ఇది కరిగిస్తుంది, సిలిండర్ లోపలి మసిని కూడా కొంతవరకు. ఎంపీఎఫ్ఐ రకం ఇంజిన్‌లో పెట్రోలు వాల్వు వెనక్కే చిమ్ముతుంది కాబట్టి ఆ వాల్వూ కడిగినట్టవుతుంది. గంటలో అయ్యే పని కాదిది, టాంకు అయిపోయేదాకా నడపాలి. ఆయిల్ మార్పించబోయే ముందు పోస్తే మంచిది, ఎందుకంటే ఈ మందులో కొంత ఆయిల్లోకీ దిగుతుంది.

అయితే జీడీఐ, టీఎస్ఐ అక్షరాలున్న కార్ల కథ వేరు. హ్యుందాయ్ వెన్యూలో వచ్చిన ఒక లీటరు టర్బో, స్కోడా, ఫోక్స్‌వాగన్‌ల టర్బో పెట్రోళ్లు ఈ జాతివే. వీటిలో పెట్రోలు వాల్వు దాటాక, నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది. వాల్వు వెనక భాగానికి పెట్రోలు తడి తగలనే తగలదు. టాంకులో ఎన్ని సీసాలు పోసినా అక్కడి మసికి అందదు. ఈ ముక్క చెప్పకుండానే అదే సీసా ఈ కార్లకూ అమ్ముతున్నారు. టయోటా మాత్రం 2005లోనే డీ-4ఎస్ పేరుతో సిలిండర్‌కు రెండేసి ఇంజెక్టర్లు పెట్టింది. ఒకటి లోపలికి, ఒకటి వాల్వు వెనక్కి. రెండో ఇంజెక్టర్ లేని కార్లకు విదేశాల్లో కుదిరిన వైద్యం అక్రోటు పెంకు. పెంకును పొడి చేసి, ఇంటేక్ మానిఫోల్డ్ ఊడదీసి, ఆ సిలిండర్ వాల్వు మూసి ఉన్నప్పుడు గాలి ఒత్తిడితో దానిమీదికి కొడతారు. మసిని గీకే గట్టితనం ఉంది, లోహాన్ని గీకే గట్టితనం లేదు. అమెరికాలో బీఎండబ్ల్యూలు నడిపే మనవాళ్లలో ఈ వైద్యం పేరు వినని వాళ్లు తక్కువ. హెడ్ దించకుండా అయిపోతుంది గానీ బొత్తిగా ఏదీ విప్పకుండా కాదు. ఏమీ విప్పకుండా వాల్వు వెనక్కి చేరాలంటే గాలి దారిలో కొట్టే నురగ మందు ఒకటుంది. పలచటి పొరకు పనికొస్తుంది, రాయిలా గట్టిపడ్డదాన్ని కదిలించలేదు.

ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్న హైడ్రోజన్ మెషీను దగ్గరికొద్దాం. నా అసలు పేచీ దీనితోనే. నీటిని కరెంటుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను సన్నటి గొట్టంతో ఇంజిన్ పీల్చే గాలిలో కలుపుతారు. బండిని ఐడిల్‌లో అరగంటో గంటో ఆడిస్తారు. హైడ్రోజన్ మండి, ఆ వేడికి మసి కాలి బూడిదై పోతుందని చెప్తారు. వినడానికి బాగుంది. కానీ హైడ్రోజన్ మండేది ప్లగ్గు రవ్వ కొట్టాక, సిలిండర్ లోపల. వాల్వు వెనక మంటే ఉండదు, అక్కడి మసి ఎలా కాలుతుంది? పోనీ సిలిండర్ లోపలి మసి అనుకుందాం. మసి గాలిలో తనంతట తాను కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి నిలకడగా అందాలి. ఇంజిన్ లోపల అన్నిటికన్నా చల్లగా ఉండేదే ఐడిల్‌లో. పైగా 1.2 లీటర్ల ఇంజిన్ ఐడిల్‌లో కూడా నిమిషానికి వంద లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఆ ప్రవాహంలో ఈ గొట్టం కలిపేది ఏపాటి?

"మరి చేయించాక నా బండి తేలిగ్గా పోతోందే" అనేవాళ్లున్నారు. అబద్ధం చెప్పరు. అదే రోజు ఎయిర్ ఫిల్టర్ మారింది, ప్లగ్గులు మారాయి, కొత్త ఆయిల్ పడింది, థ్రాటిల్ బాడీ తుడిచారు. ఈ నాలుగింటి పుణ్యం ఒక్క మెషీను ఖాతాలో వేస్తున్నాం. థ్రాటిల్ బాడీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గాలి లోపలికి వెళ్లే గుమ్మం అది. దాని రేకు అంచున జిడ్డు పడితే ఐడిల్ ఎగిరిపడుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. ఒక్క గొట్టం తప్పించి, స్ప్రే కొట్టి, బట్టతో తుడిస్తే ఎక్కువసేపు పట్టని పని. ఇంజిన్ విప్పకుండా మసి తీయడంలో పెట్టిన రూపాయికి ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు. ఎవరూ ఫోన్ చేసి దీన్ని అమ్మరు.

పాత మెకానిక్‌లకు ఇంకో కిటుకు తెలుసు. ఇంజిన్‌ను రేజ్ మీద ఉంచి కార్బ్యురేటర్ నోట్లో నీళ్లు సన్నటి ధారగా పట్టేవాళ్లు. నీరు ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, ఆ దెబ్బకు మసి పెళుసై ఊడుతుంది. ఇందులో నిజముంది. చెయ్యి కాస్త బరువైతే మాత్రం నీరు సిలిండర్లో నిలిచి, పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఊడిన పెంకులు నేటి కార్లలో టర్బో రెక్కలకో, కాటలిటిక్ కన్వర్టర్‌కో తగులుతాయి. యూట్యూబ్ చూసి ఇంటి ముందు చేయాల్సిన పని కాదు.

రింగులకు పట్టిన మసి మరో కథ. విజయవాడ ఆటోనగర్లో పాత మేస్త్రీలు పొగ రంగు చూసే సగం రోగం చెప్పేస్తారు. నల్ల పొగైతే డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలి పొగైతే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ తుడిచే రింగు మసితో గాడిలో బిగుసుకుపోతే నీలి పొగ వస్తుంది. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి మందు పోసి, రాత్రంతా నాననిస్తే బిగుసుకున్న రింగు కదలొచ్చు. పొద్దున ప్లగ్గులు పెట్టకముందే సెల్ఫ్ కొట్టి మిగిలిన మందు బయటికి చిమ్మించాలి, తర్వాత ఆయిల్ మార్చాలి. ఈ రెండింటిలో ఏది మరిచినా ఇంజిన్‌కే ముప్పు. అరిగిపోయిన రింగుకు ఏ మందూ లేదు. దానికి బోర్ పనే గతి. అసలు లోపం రింగుదా, వాల్వుదా అన్నది కంప్రెషన్ గేజీ పెట్టి, సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ పెట్టి చూడగల మెకానిక్ దగ్గరే తేలుతుంది.

చూపించండి అని నేననేది అందుకే. బోరోస్కోప్ అని సన్నటి తీగ చివర కెమెరా ఉండే పరికరం ఉంది. ఫోనుకు తగిలించుకునే రకం వెయ్యి, రెండు వేల రూపాయలకు దొరుకుతుంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోకి దించితే పిస్టన్ నెత్తి కనిపిస్తుంది. ఇంటేక్ వైపునుంచి పంపితే వాల్వు వెనక భాగం కనిపిస్తుంది. చేసేముందు ఒక ఫొటో, చేశాక ఒక ఫొటో. లక్షలు పోసి మెషీను కొన్న సర్వీసు సెంటరుకు ఈ కెమెరా భారమా? పిస్టన్ మీద పలచటి నల్లపొర ప్రతి ఇంజిన్‌లోనూ ఉంటుంది, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. నాకింగ్ వినిపిస్తోందా, మిస్సింగ్ ఉందా, స్కానర్లో మిస్‌ఫైర్ కోడ్ ఉందా, మైలేజీ నిజంగా పడిందా? ఏదీ లేనప్పుడు ఒట్టి పొర కోసం ఖర్చెందుకు? అడగకుండా చేసేసి బిల్లు వేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఒక్క ఫిర్యాదు నంబరు చూపిస్తే బిల్లులో ఆ లైను మాయమైన సందర్భాలు నాకు తెలుసు.

డీజిల్ కారున్నవాళ్లకు చివరగా ఒక మాట. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 వచ్చాక కొత్త డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటోంది. మసిని పట్టి ఉంచి, నిండగానే ఆ 600 డిగ్రీల దాకా వేడి చేసుకుని తానే కాల్చేసుకుంటుంది. ఏమీ విప్పకుండా మసి వదిలించడమంటే ఇదీ, కంపెనీవాళ్లే కట్టి ఇచ్చారు. దానికి కావలసింది పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా సాగే ప్రయాణం. హైదరాబాద్‌లో ఉండి ఆఫీసుకు, ఇంటికి మధ్యే తిరిగే డీజిల్ కారును వారానికోసారి అవుటర్ రింగ్ రోడ్డెక్కిస్తే చాలు. డీపీఎఫ్ లైటు వెలిగినా పట్టించుకోకుండా, మసి కాలుతుండగా మధ్యలో ఇంజిన్ ఆపేస్తూ ఉంటే, వేడి కోసం అదనంగా చిమ్మిన డీజిల్ గోడలవెంట జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగి ఉంటుంది. అలా కనిపిస్తే ముందు ఆయిల్ మార్పించి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.