గాలి నిలిస్తేనే గానం

దీపాలు పెట్టే వేళ ఇందా సందుల్లో నడిస్తే ఏదో ఒక ఇంట్లోంచి హార్మోనియం వినిపిస్తుంది. బెంగాలీ ఇళ్లలో పిల్లలకు చదువుతోపాటు రవీంద్ర సంగీతం నేర్పించడం ఆనవాయితీ. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకూ ఆ పెట్టె కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన కుటుంబాలివి. వాళ్లు వదిలి వచ్చిన ఊళ్లలో పద్య నాటకానికి హార్మోనియమే ఊపిరి. అందుకే పిల్లకు పాట నేర్పించాలనుకోగానే ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు ముందు ఆ పెట్టె కోసమే వెతుకుతారు. తక్కువ ధరలో, చూడ్డానికి బాగున్నది. చిక్కంతా ఆ రెండో మాటతోనే.

ఇందాలో ఉంటున్న ఒక పెద్దాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మనవరాలి కోసం ఆయన రూ.7,000 పెట్టి హార్మోనియం కొన్నారు. తొమ్మిది స్టాపులు, అద్దంలా మెరిసే పాలిష్, మూత మీద పూల చెక్కడం. ఆరు నెలలు తిరక్కుండానే పిల్ల ఆ పెట్టె దగ్గరకు వెళ్లడం మానేసింది. చెయ్యి నొప్పంటుంది. స్వరం మధ్యలో తెగిపోతుంది. పై షడ్జమం దగ్గర గొంతు కలవదు. సాధన చాలడం లేదన్నారు టీచరు. ఇంట్లోవాళ్లు మరో అడుగు ముందుకేసి, ఈ పిల్లకు సంగీతం అబ్బదని తేల్చేశారు. ఒకరోజు తాతగారికే ఎందుకో అనుమానం వచ్చింది. తిత్తి నిండా గాలి కొట్టి, అగరుబత్తి వెలిగించి పెట్టె అంచుల వెంబడి తిప్పారు. మూడు చోట్ల పొగ చెదిరింది. "బ్రేకు పైపు లీకైతే బండి కదల్దు. డ్రైవర్ని తిడితే ఏటి లాభం? పెట్టెలో గాలి నిలవక, పిల్లకి విద్య రాదనుకున్నాం బాబూ" అన్నారాయన.

మొదటి వాయిద్యం కొనేవారు తెలుసుకోవలసిందంతా దాదాపు ఆ మాటలోనే ఉంది. చేయి తిరిగిన విద్వాంసుడు పాడు పెట్టెను ఇట్టే పసిగడతాడు. పసిపిల్లకు ఆ తేడా తెలియదు. తప్పు తనదే అనుకుంటుంది. చౌక పెట్టె ఖరీదు రూ.7,000తో ఆగదనడానికి కారణం ఇదే.

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఫిజిక్స్ ల్యాబులో వీట్‌స్టన్ బ్రిడ్జితో కుస్తీ పట్టినవారికి చార్లెస్ వీట్‌స్టన్ పేరు గుర్తుండే ఉంటుంది. ఆ ఆంగ్ల శాస్త్రవేత్తే కన్సర్టీనాకు రూపకర్త. రెండు చేతుల మధ్య ఇమిడే ఆరు పలకల పెట్టె అది. మధ్యలో తిత్తి, రెండు పక్కలా బొత్తాలు. దానికి మూలమైన పేటెంటు ఆయన 1829లో తీసుకున్నారు. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ 1842లో హార్మోనియానికి పేటెంటు పొందారు. అది కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కే వాయిద్యం. నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ మరో చేత్తో వాయించే పెట్టెగా దాన్ని మార్చిన ఘనత కలకత్తాలో 1875లో ద్వార్కిన్ సంస్థను స్థాపించిన ద్వారకానాథ్ ఘోష్‌కు దక్కింది. కన్సర్టీనా, హార్మోనియం, మౌత్ ఆర్గన్, తిత్తి ఉన్న మన పాతకాలపు శ్రుతిపెట్టె అన్నీ ఒకే తానులో ముక్కలు. ఒక కొస బిగించిన సన్నటి లోహపు రేకును ఒరుసుకుంటూ గాలి పోతే అది కంపించి పలుకుతుంది. ఆ రేకునే రీడ్ అంటారు. రీడ్ ఎంత మంచిదో, గాలి ఎంత నికరంగా అందుతుందో, పలుకు అంత బాగుంటుంది. మిగతాదంతా అలంకారం.

విదేశాల్లో తొలి కన్సర్టీనా కొనబోయేవారికి అనుభవజ్ఞులు చెప్పేదీ ఇదే: మరీ చౌకది కొంటే నేర్చుకోవాలన్న కోరికే చచ్చిపోతుంది. కాకపోతే నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా తయారయ్యే పెట్టెకు కూడా అక్కడ 400 డాలర్లకు పైనే పెట్టాలి. ఆ లెక్కన ఖరగ్‌పూర్ వాసులు అదృష్టవంతులు. హార్మోనియాల తయారీకి పేరుపడ్డ కోల్‌కతా లోకల్ రైలు దూరంలోనే ఉంది. హౌరాకు సుమారు 115 కి.మీ. అక్కడి నుంచి లాల్‌బజార్, రవీంద్ర సరణి దుకాణాలకు వెళ్లడం పెద్ద పనేమీ కాదు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించుకునే బదులు ఒక ఆదివారం ముందు రోజో, మర్నాడో వెచ్చించి, పిల్లను వెంటబెట్టుకుని వెళ్లడం మేలు.

దుకాణంలో మొదట పరీక్షించాల్సింది తిత్తిని. స్టాపులన్నీ మూసేసి గాలి కొట్టండి. కాసేపటికి తిత్తి చేతికి ఎదురుతిరగాలి. మెత్తగా లోపలికి పోతూనే ఉంటే గాలి ఎటో కారిపోతోందన్నమాట. తర్వాత ఒక స్టాపు తెరిచి, ఏ మెట్టూ నొక్కకుండా గాలి కొట్టండి. ఏ స్వరమూ వినిపించకూడదు. వినిపిస్తే ఆ మెట్టు కింది మూత సరిగ్గా కూర్చోవడం లేదు. ఇప్పుడు ఒక్కో మెట్టునూ ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నొక్కుతూ వెళ్లండి. తక్కువ గాలికే వెంటనే పలకాలి. జీరపోకూడదు. నల్ల మెట్లను వదిలేయకండి. పాడే శ్రుతి ఏదో బట్టి మీకు అవే ఎక్కువ అవసరం కావచ్చు.

మూడోది శ్రుతి. కింది షడ్జమాన్నీ పై షడ్జమాన్నీ కలిపి నొక్కి పట్టుకోండి. నాదం నిలకడగా ఉండాలి. అలలు అలలుగా ఊగుతుంటే రెండూ కలవలేదన్నమాట. చెవి మీద నమ్మకం లేనివారు ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్‌ను వాడుకోవచ్చు. 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఇతర వాయిద్యాలతో కలిసి వాయించడానికి ఇబ్బంది ఉండదు. మన టీచర్లు ఒకటిన్నర శ్రుతి అనేదాన్ని అక్కడి దుకాణదారు సీ షార్ప్ అంటాడు. బయల్దేరే ముందే పిల్ల శ్రుతి ఏదో టీచర్ని అడిగి కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఇక ధరలు. రూ.8,000, రూ.10,000కు ఒక వరుస రీడ్లున్న సాదా పెట్టె దొరుకుతుంది. రూ.15,000 నుంచి రూ.25,000 మధ్య రెండు వరుసల రీడ్లున్నవి వస్తాయి. వీటిలో మంద్ర స్థాయి తోడై నాదం నిండుగా ఉంటుంది. మెట్ల వరుసను జరిపి శ్రుతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ రూ.30,000 దాటడం మామూలే. మొదటిసారి కొనేవారికి దాని అవసరం లేదు. ఒక గొంతుకు ఒక శ్రుతి చాలు. పైగా కదిలే భాగాలు పెరిగేకొద్దీ రిపేర్లూ పెరుగుతాయి. చేతిలో ఉన్నది రూ.10,000 అయితే అదే ధరలో రెండు వరుసల పెట్టె ఇస్తానన్నవాడి దగ్గరకంటే, గాలి చుక్క కారని ఒక వరుస పెట్టె ఇచ్చేవాడి దగ్గర కొనడం నయం. స్టాపుల సంఖ్యను చూసి మోసపోవద్దు. వాటిలో కొన్ని అందానికి బిగించిన ఉత్త పిడులు కావచ్చు. ఒక్కోటీ లాగి, నాదంలో తేడా వస్తోందో లేదో వినండి.

పాతది కొనడానికీ వెనకాడనక్కర్లేదు. బాగా ఆరిన టేకుతో చేసిన పాత పెట్టెకు తోలు, తిత్తి మార్పించుకుంటే కొత్తదానికి తీసిపోదు. అయితే రీడ్లను ఊడదీయించి చూడాలి. శ్రుతి చేయడమంటే రీడ్‌ను గీకడమే. కొస దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీతలు మరీ ఎక్కువగా ఉన్న రీడ్ ఎన్నాళ్లో ఆగదు. కొన్నాక బెంగాల్ వానాకాలం గురించీ ఆలోచించాలి. చెమ్మకు చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుంటాయి. పెట్టెను నేల మీద గోడవారగా వదిలేయకూడదు. వారంటీ కార్డు కంటే దగ్గర్లో ఉన్న మంచి రిపేరు మనిషి విలువైనవాడు.

ఇంత చెప్పాక అసలు హార్మోనియమే అవసరమా అన్న ప్రశ్నా న్యాయమైనదే. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం దానికి చేతకాదు. గమకం పలకదు. ఆ కారణంగానే ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆంక్షలు సడలలేదు. విచిత్రమేమిటంటే, బెంగాలీ పిల్లలు ఏ మహాకవి పాటలను హార్మోనియం మీద నేర్చుకుంటున్నారో ఆ రవీంద్రుడికి కూడా అదంటే గిట్టదు. కాబట్టి మీ అమ్మాయి నేర్చుకునేది కేవలం కర్ణాటక గాత్రమే అయితే శ్రుతిపెట్టె చాలు. చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె అయినా, ఫోన్లో యాప్ అయినా పని జరిగిపోతుంది. లలిత గీతాలు, భజనలు, రవీంద్ర సంగీతం, నాటక పద్యాలు పాడేవారికైతే హార్మోనియం కావాలి.

ఖరగ్‌పూర్‌లో ఆ చివరిదానికి ప్రత్యేకమైన విలువ ఉంది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. గౌరవం దక్కింది, సంతోషమే. కానీ బడిలో మరో భాష, వీధిలో మరో భాష వినే పిల్ల నోట తెలుగు పద్యం పలికించేది ఉత్తర్వు కాదు. పక్కన కూర్చుని రాగం అందించే తాత, ఆ రాగానికి తోడుగా పలికే పెట్టె. ఆ పెట్టె మూలపడితే పాటతోపాటు ఆ గంట తెలుగూ పోతుంది.

ఫిట్టరు తాతగారు తన పెట్టెను రిపేరు మనిషి దగ్గరకు మోసుకెళ్లారు. తిత్తి మడతలకు కొత్త తోలు అంటించి, రీడ్ల పలకను గట్టిగా బిగించి, శ్రుతి చేయించేసరికి కొత్త పెట్టె ధరలో మూడోవంతు అయింది. ఇప్పుడు మనవరాలు రోజూ కూర్చుంటోంది. పై షడ్జమం కలుస్తోంది. మొన్న పెట్టె చూపిస్తూ ఆయన ముందు పలకలో నాలుగు చిల్లులు చూపించారు. తొమ్మిది స్టాపుల్లో నాలుగు ఉత్తుత్తివేనట. పీకేసి, చిల్లుల్లో చెక్క మేకులు దిగ్గొట్టారు. పెట్టె ఇదివరకంత అందంగా లేదు.