అద్దె ఇంటి కథలు - 3: పాత మంచం వాపసు

మా మేనకోడలికి బలిఘట్టంలో అద్దె ఇల్లు దొరకడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగామో పోయిన భాగంలో రాశాను. చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తమ కథలు ఇన్‌బాక్స్‌లో పంపారు. ఒక కామ్రేడ్ మాత్రం "ఉద్యమాల గురించి రాసేవాడివి, ఈసారి మంచాలు, క్లియరెన్స్ సేళ్ళ గురించి రాస్తానంటావేంటి? ఇది వినిమయ సంస్కృతి కాదా?" అన్నాడు. ఈ భాగం ఆయన కోసమే. ఆయన పుట్టేసరికే వాళ్ళింట్లో తాతల నాటి టేకు మంచం ఉంది. సామాను వద్దనుకుంటే ఆయనకి అది త్యాగం. మాకు వద్దనుకోడానికైనా ముందు ఉండాలి కదా సార్.

మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు. అందులో ఒకటి మా పిల్లది. మా ఇంట్లో మొదటి గవర్నమెంటు ఉద్యోగం. బలిఘట్టంలో మేడ మీద పోర్షన్‌లో దిగినప్పుడు దాని దగ్గరున్నవి ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, హాస్టల్ బకెట్టు. హాస్టళ్ళలో చదివినవాళ్ళకి ఈ లిస్టు కొత్తేం కాదు. మొదటి జీతం ఇంకా పడలేదు.

వారం తిరక్కుండానే ఓనరమ్మ పైకొచ్చింది. "మా పాత మంచం కింద గదిలో పడుంది, పట్టుకెళ్ళమ్మా, మీకు పనికొస్తాది." మా అక్క రెండు చేతులూ జోడించేసింది. మంచానికి ఒక కోడు విరిగింది, కింద ఇటుక పెట్టాలి. పెట్టాం.

పది రోజులకి, "అమ్మాయ్, సాయంత్రం మా మనవడికి కాస్త లెక్కలు చెప్పు." చెప్పింది, చిన్నపిల్లాడు కదా. ఇంకో వారానికి, "రేపు పనిమనిషి రాదు, కింద నుంచి పైదాకా మెట్లు ఓసారి ఊడ్చేయ్." మంచం ఇచ్చాం కదా అని ఆవిడ అనలేదు. అనక్కర్లేదు. ఆ మాట మంచమే అంటుంది, రాత్రంతా కిర్రుమంటూ.

ఇది ఆవిడ కనిపెట్టిన పద్ధతి కాదు. మనుస్మృతి పదో అధ్యాయం తీయండి. సేవ చేసే శూద్రుడికి ఎంగిలి కూడు, కట్టి విడిచిన బట్టలు, తాలు గింజలు, పాత ఇంటి సామాను ఇవ్వాలని ఉంటుంది. అవును, పాత సామాను అని విడిగా రాసుకున్నారు. ఊరి బయట ఉంచిన మనలాంటివాళ్ళకి అదీ లేదు. పగిలిన కుండల్లో తిండి, శవాల మీది గుడ్డలు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్, ఆయన సహచరులు ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. పుస్తకం కాలింది గానీ విరిగిన కోడు మంచం ఇంకా మన మెట్లెక్కుతూనే ఉంది.

బాబాసాహెబ్ మొదటి ఫర్నిచర్ ఏంటో తెలుసా? ఒక గోనెపట్టా. బడిలో అందరితో కలిసి కూర్చోనివ్వక, రోజూ ఇంటి నుంచి తెచ్చుకుని మళ్ళీ ఇంటికే మోసుకెళ్ళిన గోనెపట్టా. కొలంబియాలో చదువుకొచ్చాక బరోడాలో ఇల్లు దొరక్క పార్సీ సత్రంలో మారుపేరుతో దిగితే, ఆ సత్రం హాలు నిండా చెక్కలు, బెంచీలు, విరిగిన కుర్చీలు. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి అక్కడి నుంచీ గెంటేశారు. సామాను చిన్న విషయం అనేవాళ్ళు అదోసారి చదవండి.

మంచం వాపసిచ్చేద్దామంది మా పిల్ల. "పెద్దోళ్ళు ఇచ్చింది తిరిగిచ్చేస్తే ఏటనుకుంటారే" అని మా అక్క ఏడుపు. నేనూ మా తమ్ముడి కొడుకూ మోసుకెళ్ళి కింద దించాం. "మీ వాళ్ళకి మంచి చేస్తే ఇంతే" అంది ఓనరమ్మ. ఆ "మీ వాళ్ళు" ఎవరో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత సంక్రాంతి వెళ్ళేదాకా మా పిల్ల చాప మీదే పడుకుంది.

పండగ అయ్యాక నర్సీపట్నంలో ఒక షాపులో క్లియరెన్స్ సేల్ పెట్టారు. వెళ్తుంటే మా పిల్ల ఆటోలో ఒక ప్రశ్న వేసింది. "మావయ్యా, ఇదీ ఎవరూ కొనకుండా వదిలేసిందే కదా. ఆవిడ మంచానికీ దీనికీ తేడా ఏటి?"

నాకు చప్పున జవాబు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తేడా బిల్లు. షాపువాడు మనమీద దయ చూపించట్లేదు, గోడౌన్ ఖాళీ చేసుకుంటున్నాడు. డబ్బులిస్తాం, సరుకు తెచ్చుకుంటాం, లెక్క అక్కడితో సరి. రేపు మెట్లు ఊడ్చమని వాడు రాడు. మార్కెట్ కులాన్ని చంపేస్తుందని కాదు. ఆ షాపులోనే మమ్మల్ని చూడగానే సేల్స్ కుర్రాడు అడక్కుండానే ప్లాస్టిక్ సామాను వైపు చెయ్యి చూపించాడు. అయినా బిల్లు మీద పడేది కొన్నవాళ్ళ పేరు.

అందుకే క్లియరెన్స్‌లో కొన్నా బిల్లు తీసుకోండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టుకున్నా సరే, లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోనంటే, బిల్లు ఇవ్వనంటే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అది అన్యాయపు వ్యాపారమే. 1915కి ఫోన్ చేయొచ్చు. ఎమ్మార్పీ మీద సగానికి సగం తగ్గింపు అంటే పొంగిపోకండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని, అసలు ధర అదేనని కాదు. మా పిల్ల డిస్‌ప్లేలో పెట్టిన మంచం తీసుకుంది. పక్కన చిన్న గీత ఉంది, కోళ్ళు గట్టివి. వెనక సొట్ట పడిన ఇనప బీరువా తీసుకుంది, సొట్ట గోడవైపు పెడితే సరి. చెక్కపొట్టు అతికించి చేసిన టేబుల్ చవగ్గా వచ్చినా వద్దన్నాను, ఒక వానాకాలం తడి తగిలితే బూరెలా ఉబ్బుతుంది. పరుపు మాత్రం కొత్తదే. స్టవ్‌కి ఐఎస్ఐ మార్కు చూసుకున్నాం.

సోఫా దగ్గర సేల్స్ కుర్రాడు పట్టుకున్నాడు. టీచర్ అని తెలిసింది కదా, సున్నా వడ్డీ ఈఎంఐ అన్నాడు. సున్నా వడ్డీ అనేదే అసలు ఉండదని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజులోనో, నగదుకి ఇచ్చే తగ్గింపు ఎగ్గొట్టడంలోనో అది దాక్కుని ఉంటుంది. మనవాళ్ళలోనూ కొందరు ఉన్నారు, "ఉద్యోగం వచ్చింది, మనం ఎవరికి తక్కువ, సోఫా వేయించు" అంటారు. ఎవరి కళ్ళకోసం వేయించాలి? మా తాత భూస్వామి దగ్గర పాలేరుగా చేరింది కూడా అప్పు తీర్చడానికే. ఇప్పుడు ఆ అప్పు ఫోన్లో మెసేజ్‌గా వస్తుంది, అంతే.

సోఫా బదులు నాలుగు కుర్చీలు కొంది. కుర్చీ గురించి మాత్రం నేను బేరమాడలేదు. 2019లో ఉత్తరాఖండ్‌లో పెళ్ళిభోజనాల్లో కుర్చీలో కూర్చుని తిన్నందుకు ఒక దళిత కుర్రాణ్ణి కొట్టారు, తొమ్మిది రోజులకి చనిపోయాడు. మా నాన్న, ఆసామి దారిన వెళ్తుంటే నులక మంచం మీంచి దిగిపోయేవాడు. ఆసామి చూసినా, చూడకపోయినా.

మొన్న ఒకటో తారీఖున నేను అక్కడే ఉన్నాను. మా అక్క ఎప్పట్లాగే గోడకి చేరబడి కింద కూర్చుంటే మా పిల్ల లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది. అద్దె కోసం ఓనరమ్మ వచ్చింది. మా అక్క గభాల్న లేవబోయింది.

"కూర్చోయే అమ్మా" అంది మా పిల్ల. ఓనరమ్మకి ఇంకో కుర్చీ లాగింది. ఆవిడ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి డబ్బులు లెక్కపెట్టుకుని దిగిపోయింది. మా అక్క కుర్చీ అంచునే ఉంది గానీ లేవలేదు.

వచ్చే భాగం అడ్వాన్సు గొడవ.

జై భీమ్.