అద్దె బోర్డు మీద తెలుగువాడెవడు?

"మీవాళ్లంతా ఒక్కచోటే గుంపుగా ఉంటారెందుకండీ?" ఈ ప్రశ్న అడగని పెద్దమనిషి నాకింతవరకు తారసపడలేదు. చాలా ప్రేమగా అడుగుతారు. మేం వాళ్లలో కలవటం లేదన్న బాధ గొంతులో వినిపిస్తుంది. ఇల్లు వెతుక్కునే ప్రతివాడికీ ఎంచుకునే వీలుంటుందనీ, మేం మాత్రం కావాలని సాయిబుల మొహల్లానే ఎంచుకుంటామనీ వాళ్ల నమ్మకం. అయ్యా, ఎంచుకోవడమంటే ఏమిటో ఒకసారి లెక్క తేల్చుకుందాం. మొహల్లా సంగతి తర్వాత. ముందు పరదేశం నుంచే మొదలుపెడదాం.

కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు విశాలంగా పరుచుకునే చోట ఉంది పెనుమూడి. ఆ ఒడ్డున పులిగడ్డ, ఈ ఒడ్డున పెనుమూడి, నడుమ వారధి. నిన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా పొట్టకూటి దారి మారలేదు. రేపల్లెలో రైలెక్కడం, తెనాలి మీదుగా హైదరాబాదు చేరడం, అక్కడ విమానం ఎక్కడం. ఈ తీరప్రాంతంలో వీసా చేతికొచ్చిన కుర్రాడు ముందు జీతమెంతో అడుగుతాడు. తర్వాత అడిగేది, "భాయ్, అక్కడ ఎక్కడుండాలి?" అని.

ఆ ప్రశ్నకు జవాబు వాడి చేతిలో లేదు. కంపెనీ క్యాంపులో పడేస్తే అదే వాడి పేట. కుటుంబాలుండే పేటల్లో కూలీల క్యాంపులు ఉండకూడదని ఖతార్ 2010లో చట్టమే చేసింది. దేశం కట్టడానికి కావలసిన చేతులు వీధిలో కనపడటానికి పనికిరావన్నమాట. కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన మా అక్కచెల్లెళ్లకైతే ఈ ప్రశ్నే లేదు. యజమాని ఇల్లే పని, యజమాని ఇల్లే నివాసం. అదే కువైట్‌లో, మంగఫ్‌లో, 2024 జూన్ 12 తెల్లవారుజామున కార్మికులుండే భవనం అంటుకుంది. చనిపోయినవాళ్లలో 40 మందికి పైగా భారతీయులు, వాళ్లలో ఆంధ్రావాళ్లూ ఉన్నారు. ఆ భవనాన్ని వాళ్లలో ఎవరు ఎంచుకున్నారు?

క్యాంపు తప్పించుకున్నవాడికి బెడ్ స్పేసు. దుబాయిలో డేరా, సత్వా, కరామా గోడల మీద కాగితాలు అంటించి ఉంటాయి. గది కాదు, గదిలో ఒక మంచం అద్దెకు. ఫలానా రాష్ట్రంవాళ్లకే, ఫలానా భాషవాళ్లకే అని రాసి ఉంటుంది. "తెలుగు బ్యాచిలర్లకు మాత్రమే" అన్న కాగితం చూడగానే మావాడి ప్రాణం లేచొస్తుంది. ఫోన్ చేస్తాడు. అచ్చమైన రేపల్లె యాసలో మాట్లాడతాడు. అవతలివాడు మురిసిపోతాడు. "ఏ ఊరు తమ్ముడూ?" అంటాడు. "పేరేంటి?" అంటాడు. పేరు చెప్పాక ఒక్క క్షణం మాట ఉండదు. ఆ తర్వాత, "ఏమనుకోకు బాబూ, మేం తెలుగువాళ్లకే ఇస్తాం." తిరిగొచ్చినవాళ్ల నోట ఈ మాట నేను ఒకసారి కాదు, పదిసార్లు విన్నాను.

గమనించారా? మతం మాట ఎత్తలేదు. భాషలోంచే గెంటేశారు! అప్పటిదాకా ఆ ఫోన్‌లో పలికింది ఏ భాష మరి? ఈ విద్య దుబాయిలో నేర్చింది కాదు, సామానుతోపాటు ఊర్నుంచి మోసుకెళ్లిందే. "వాళ్లు తెలుగువాళ్లా, సాయిబులా?" అని మన ఊళ్లల్లో మామూలుగా అడుగుతారు. అడిగినవాడికి ఆ ప్రశ్నలో తప్పే కనపడదు.

సరే, ఉర్దూ వాళ్ల గదికి వెళ్తాడు. అక్కడ ఇంకో పరీక్ష. "ఆంధ్రావాలే హో క్యా? యే కౌన్‌సీ ఉర్దూ హై మియా?" అని నవ్వులు. వాడు దూదేకుల బిడ్డయి, ఇంట్లో తెలుగే మాట్లాడేవాడైతే సలాము చెప్పినా అనుమానమే. తెలుగు గదిలో తురక, తురక గదిలో తెలుగోడు. రెండు భాషల్లోనూ వార్తలు రాసి బతికేవాణ్ణి నేను. ఈ రెండు గుమ్మాల దగ్గరా వినపడే మాట ఒక్కటేనని చెప్పగలను: "నువ్వు మావాడివి కాదు."

ఇప్పుడు అమెరికా వెళ్దాం. న్యూజెర్సీలో ఎడిసన్, టెక్సస్‌లో అర్వింగ్, ఫ్రిస్కో. మనవాళ్లు అక్కడికి వెళ్తూ ఏం చూసుకుంటారు? గుడి దగ్గరుందా, ఇండియన్ స్టోరు ఉందా, బడి మంచిదేనా, పక్కింట్లో తెలుగు వినపడుతుందా. అందరూ ఒక్కచోట చేరతారు. ఉగాది జరుపుకుంటారు. తప్పా? ఎంతమాత్రం కాదు. పరాయి గడ్డ మీద మనిషికి తనవాళ్ల అలికిడి కావాలి. మరి అక్కడ గుంపుగా ఉంటే "మన తెలుగు వైభవం", ఇక్కడ మేం మసీదు పక్కన, మా బడి పక్కన ఉంటే "మినీ పాకిస్తాన్" ఎలా అయింది? ఏ నిఘంటువులో ఉంది ఈ అర్థం?

ఇంకో సంగతి. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, అమెరికాలో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మననీ అద్దెకివ్వననీ అనకూడదు. "ఇది మీవాళ్లుండే పేట, మీకు ఇదే బాగుంటుంది" అని ఏజెంటు మళ్లించడం కూడా చట్టవిరుద్ధమే. చట్టంతోనే వివక్ష చచ్చిపోయిందని నేననను. కానీ కాదన్నవాణ్ణి కోర్టుకీడ్చే దారి ఉంది. ఆ దారి వేసింది నల్లవాళ్ల నెత్తురు. ఆ దారిన నడిచి ఇల్లు కొనుక్కున్న మన బాబుగారే విజయవాడలో, హైదరాబాదులో ఉన్న తన ఫ్లాటుకు ఫోన్‌లో షరతు పెడతాడు: "ముస్లింలకు వద్దండీ, మిగతా ఎవరైనా ఫరవాలేదు." అక్కడ కావలసిన న్యాయం ఇక్కడ ఎందుకు చేదవుతుంది?

మనకేముంది? దేశంలో ఎక్కడైనా నివసించే హక్కుందని రాజ్యాంగం 19వ అధికరణం చెబుతుంది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు పేరుపేరునా చెప్పి అక్కడ మతం పేరిట, కులం పేరిట అడ్డుకోకూడదంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. అంటే పెనుమూడి రేవులో స్నానానికి నన్నెవరూ ఆపలేరు. రేవు గట్టు మీద ఇల్లు మాత్రం ఇవ్వకపోవచ్చు. 2005లో సుప్రీంకోర్టు, అహ్మదాబాదులోని పార్సీల హౌసింగ్ సొసైటీ తమవాళ్లనే సభ్యులుగా చేర్చుకోవచ్చని తీర్పు చెప్పింది. అది చిన్న మైనారిటీ సొసైటీయే కావచ్చు. ఆ తలుపు తెరిచాక లోపలికి దూరేది పెద్దవాళ్లే. నచ్చినచోట ఇల్లు కొనలేక, అద్దెకు దొరక్క ముస్లింలు పడే అవస్థ 2006లో సచార్ కమిటీ నివేదికకెక్కింది. నివేదిక బీరువాకెక్కింది.

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారు. హోటలువాడూ ఒకప్పుడు అదే అన్నాడు. వాడి ఇష్టాన్ని రాజ్యాంగం ఒప్పుకోలేదు. "మాంసం వాసన" అంటారు. ఆదివారం మీ వంటింట్లోంచి వచ్చే నాటుకోడి కూర వాసన ఏ మతానిది?

మా పెద్దలకూ ఒక మాట. "బేటా, మన మొహల్లాలోనే ఉండు, అక్కడే ఇజ్జత్" అంటారు. భయంతో అనే మాట అది, తెలుసు. కానీ ఆ మొహల్లాలో దూదేకులవాడికి, పింజారివాడికి ఇల్లిచ్చేటప్పుడు మీ ముఖం ఎటు తిరుగుతుందో అది కూడా తెలుసు. బయటివాడి తలుపు తట్టే ముందు మన తలుపు తీయాలి.

మాకు కావలసింది దయ కాదు. మతం, కులం చూసి ఇల్లు కాదంటే నేరమని చెప్పే చట్టం కావాలి. తెలుగు సంఘాలు "తెలుగు" అన్న మాటలో మేమున్నామో లేమో బహిరంగంగా చెప్పాలి. ఉంటే, ఆ గోడ మీది కాగితం చూసి ఫోన్ చేసిన కుర్రాడికి మంచం దొరకాలి. ఆ తర్వాత కూడా మేం మసీదు పక్కనే ఇల్లు తీసుకుంటే, అప్పుడు అడగండి ఎందుకని. అప్పుడది మేం ఎంచుకున్నదవుతుంది. జవాబు మేమే చెబుతాం.